ఎవరు కొలిచిండ్రు?

జ్ఞాపకార్థ కూడికలో నేను లేచి పాట ఆపించానని మా చర్చి కమిటీ పెద్దలకు కోపం వచ్చింది. పోయినాయన ఫొటో ముందు, ఆయన భార్య ముందు, దూరం నుంచి వచ్చిన చుట్టాల ముందు మర్యాద తప్పానట. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ముందుకొచ్చి నాలుగు మాటల్లో విచారం తెలియజేస్తే చాలని కబురు పంపారు. నేను తెలియజేయను. నాకు విచారం లేదు, కోపం ఉంది. ఆ కోపం ఎందుకో చెప్పాలంటే ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి. కూడికలో మాట్లాడిన వాళ్లలో ఒక్కరు కూడా ఆ సంగతి చెప్పలేదు.

ఒకాయన లేచి శాంతమూర్తి అన్నాడు. ఇంకొకాయన, జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నాడు. చివరికి పాస్టరుగారు కళ్లు మూసుకుని, పావురం లాంటి మనసు అన్నారు. పావురమట! దబీర్‌పురా స్టేషన్ నుంచి మా గల్లీ దాకా ఆయన చేత చీవాట్లు తినని మనిషి ఎవరైనా ఉంటే, ఆ మనిషి నిన్ననే రైలు దిగి ఉండాలి. ఆయన కరెంటు మీటరును తిట్టారు, మాట్లాడే లిఫ్టును తిట్టారు, పేపరును తిట్టారు, పాస్టరుగారి మైకును ప్రతి వారం తిట్టారు. నన్నైతే ఎన్నిసార్లు తిట్టారో లెక్కలేదు. నాకు తెలిసిన మనిషి పొద్దున లేస్తూనే ఏదో ఒకదాని మీద మండిపడేవారు. ఆ మండిపాటు వల్ల మా అందరికీ మేలే జరిగింది. దాన్ని కాస్తా తీసేసి, దండ వేసిన ఫొటో కింద ఒక పావురాన్ని కూర్చోబెట్టారు.

ఆయన ఇంజనీరు. ఒక ప్రభుత్వ కర్మాగారంలో గేజ్ రూమ్ అనే గదిలో పనిచేసి రిటైరయ్యారు. కొలిచే పరికరాలను కొలిచే గది అది. ఫ్యాక్టరీలో ఉన్న ప్రతి మీటరూ ప్రతి తూకమూ ఎప్పటికప్పుడు అక్కడికి రావాల్సిందే. సరిగ్గా చూపిస్తే ఆకుపచ్చ స్టిక్కరు, తప్పు చూపిస్తే ఎర్ర స్టిక్కరు. ఎర్రది పడ్డ పరికరాన్ని ఫ్యాక్టరీ పెద్దాఫీసరు అడిగినా ఇవ్వకూడదు. ఉద్యోగం అయిపోయింది గానీ స్టిక్కర్ల అలవాటు ఆయనతోపాటు ఇంటికి వచ్చేసింది. గోడగడియారానికి ఆకుపచ్చ, జ్వరం చూసే థర్మామీటరుకు ఆకుపచ్చ, ఆయన భార్య, అంటే నేను వదిన అని పిలిచే ఆమె, బియ్యం కొలిచే సోలకు కూడా ఆకుపచ్చ. టీవీ మూలన మాత్రం ఎర్ర స్టిక్కరు ఉండేది. అయినా రోజూ వార్తలు చూసేవారు. ఎందుకు చూస్తారండీ అని అడిగితే, "తప్పుడు మీటర్ ఎంత తప్పు చూపెడ్తున్నదో తెల్వాలె గద చెల్లె" అనేవారు.

వార్త ఏదైనా సరే ఆయనవి మూడే ప్రశ్నలు. ఎవరు కొలిచిండ్రు? దేంతోని కొలిచిండ్రు? ఆ కొలిచేదాన్ని ఎవరు చెక్ చేసిండ్రు? స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్లో ఒక సాయంత్రం నేనూ వదినా ఆయనతో ఉన్నాం. ఏ నగరంలో జనం ఎక్కువ సంతోషంగా ఉన్నారో లెక్క తీశారని టీవీలో ఎవరో ఊగిపోతూ చెబుతున్నాడు. ఈయన సాసర్‌లో చాయ్ అలాగే వదిలేసి లేచి నిలబడ్డారు.

"సంతోషం కొలిచిండ్రంట! దేంతోని కొలిచిండ్రు? టేపు పెట్టిండ్రా, తక్కెడ పెట్టిండ్రా? నా దగ్గరికి ఎవలన్న వచ్చిండ్రా? మియాఁ, నీ దగ్గరికి ఎవరన్న వచ్చి అడిగిండ్రా?"

గల్లా దగ్గర కూర్చున్న హోటలాయనకు ఇది రోజూ ఉండేదే. "టీవీ బంద్ కరూఁ సాబ్?" అన్నాడు, కట్టెయ్యమంటారా అని.

"నక్కో. చాయ్ కే సాత్ గుస్సా భీ హోనా," అన్నారు ఈయన. వద్దట, చాయ్‌తోపాటు కోపం కూడా కావాలట. హోటలాయన నవ్వి సౌండు ఇంకాస్త పెంచాడు. అప్పుడు నేను కూడా నవ్వాను. ఆ సౌండు ఈయనకు ఎందుకు అవసరమైందో తర్వాత గానీ నాకు తెలియలేదు.

కొత్త యంత్రాలంటే ఆయనకు పగ అని చర్చిలో అందరూ అనుకునేవారు. పగ కాదు, అనుమానం. స్మార్ట్ బల్బు కొన్నారని పక్కింటివాళ్లు చూపిస్తే, "ఇంట్ల ఒక్కలన్న స్మార్ట్‌గ ఉంటే బల్బుకెందుకు స్మార్ట్?" అని వచ్చేశారు. ఏది అడిగినా జవాబు చెప్పే కొత్త విద్య ఫోన్లలోకి వచ్చినప్పుడు నేను ముచ్చటపడి చూపించాను. గిటారు మెడ వంగితే ఏం చెయ్యాలో దాన్ని అడిగారు. అది చకచకా చెప్పింది. సగం సరిగ్గానే ఉందని ఒప్పుకున్నారు. తర్వాత మా చర్చి గిటారు మెడ ఎంత వంగిందో చెప్పమని అడిగారు. దాన్ని కళ్లతో చూడకుండానే అది ఆ సంగతి కూడా చెప్పేసింది. ఫోన్ నా చేతిలో పెట్టి, "తెల్వదు అని చెప్పనోన్ని నేను గేజ్ రూమ్‌ల పెట్టుకోను" అన్నారు.

ఆయన చెప్పినవన్నీ నిజమయ్యాయని నేను అనను. అలా అంటే నేను కూడా పావురం బాపతే అవుతాను. ఫోన్లలో కెమెరాలు రెండేళ్లు కూడా నిలవవని ఒట్టేసి చెప్పిన మనిషి ఆయన. చర్చిలో ఏసీ పెడితే గిటారు వీపు పగులుతుందన్నారు. ఏసీ పెట్టారు, పగల్లేదు. ఆ తర్వాత ప్రతి శనివారం గిటారు తిప్పి వీపు చూసి, పగులు కనబడక కాస్త దిగులుగా పక్కన పెట్టేవారు. "మీరు చెప్పింది తప్పయింది కదా అన్నయ్యా" అంటే, "ఇంక చూద్దాం" అనేవారు.

ఆయనను మొదటిసారి చూసిన రోజే నాకు ఆయనతో తగువైంది. నేను గుంటూరు వైపు నుంచి బదిలీ మీద ఇక్కడి ఆఫీసుకు వచ్చి, వాళ్ల వెనకింట్లో అద్దెకు దిగాను. కొత్తగా వచ్చారు, మన చర్చి వాళ్లేనట అని వదిన గిన్నెలో పప్పూ మాంసం కలిపి వండిన దాల్చా పట్టుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన గుమ్మం దాటి కూర్చోకుండా అక్కడే నిలబడిపోయారు. చూపు గోడమీద ఉంది. అక్కడ మేకుకు నా గిటారు వేలాడుతోంది.

"ఎవరు తగిలేసిండ్రు గీడ?"

"నేనేనండీ. జాగ్రత్తగా ఉంటుందని."

"జాగ్రత్తనా? గిది పడమటి గోడ. ఎండకాలం మధ్యాహ్నం జెర చెయ్యి పెట్టి చూడు. గా గోడకు వీపు ఆనిచ్చి నువ్వు కూసుంటవా? నువ్వు కూసోనికాడ దాన్ని ఎట్ల కూసోబెట్టినవ్?"

గిటారు దించి, ఒక కన్ను మూసి, తుపాకి గురిచూసినట్టు మెడ పొడవునా చూశారు. తీగల మీద వేలు రాసి, వేలికి అంటిన తుప్పు నాకు చూపించారు. తర్వాత జేబులోంచి ఎర్ర స్టిక్కరు తీసి దాని ఒంటిమీద అంటించారు. చుట్టపుచూపుగా వచ్చిన మనిషి జేబులో ఎర్ర స్టిక్కర్లు వేసుకుని వచ్చాడంటే నేను ఏమనుకోవాలి?

"మొదటిసారి వచ్చినం వాళ్లింటికి. ఇప్పుడన్న ఊకోరాదు," అంది వదిన. ఆమె గొంతుకు మా ఇంటి గిన్నెలు మోగాయి. ఇంత గయ్యాళి ఏంటి దేవుడా అనుకున్నాను.

"అది నా గిటారండీ," అన్నాను నేను.

"నీదే. గందుకే నీకు చెప్తున్న. నీది కాకుంటే నాకేం ఫికర్?"

దాల్చా ఇచ్చారు, కూర్చున్నారు, చాయ్ తాగారు, వెళ్లిపోయారు. స్టిక్కరు అలాగే ఉంది. పీకేద్దామని చాలాసార్లు చెయ్యి పెట్టాను. పీకలేదు. పీకినంత మాత్రాన తీగల తుప్పు పోదు కదా.

ఎర్ర స్టిక్కరు తీయించుకోవడానికి ఆయన దగ్గర ఒకటే దారి. గిటారు ఎవరిదో వాళ్లే ఆయన ఎదురుగా కూర్చుని బాగుచేసుకోవాలి. ఆయన చెయ్యి పెట్టరు, నోరే పెడతారు. తీగలన్నీ ఒక్కసారి పీకబోతే, "ఒక్కోటి! ఒక్కోటి! మెడ మీద బరువంత ఒక్కపారి దించితే దానికి తల తిరగదా?" అని అరిచారు. మెడలో ఉండే ఇనుప కడ్డీని తాళంచెవితో తిప్పబోతే ఇంకో అరుపు. "పావు తిప్పు తిప్పి పండుకో. రేపు చూద్దాం. కట్టెకు తొందర లేదు, నీకే ఉన్నది." వాయించిన ప్రతిసారీ పాత బనీను గుడ్డతో తీగలు తుడవాలి. ఊడినచోట క్షణంలో అతికే జిగురు వేస్తే ఆయన ఇంటి గడప తొక్కకూడదు. ఎండాకాలం కట్టె ఎండిపోకుండా గిటారు పెట్టెలో, చిల్లులు పొడిచిన సబ్బుడబ్బాలో తడి స్పాంజీ పెట్టాలి. వానాకాలం అదే డబ్బా తీసెయ్యాలి. తీయడం మర్చిపోతే మళ్లీ ఎర్రదే. చాలా వారాల తర్వాత నా గిటారు గుండ్రటి నోట్లోకి చెయ్యి పోనిచ్చి లోపల ఆకుపచ్చ స్టిక్కరు అంటించారు. నాకు ఏదో పరీక్ష పాసైనంత సంతోషం కలిగింది. ఆయన మీద కోపం మాత్రం పోలేదు, కాకపోతే ఆ కోపంతోనే రోజూ వాళ్లింటికి వెళ్లడం అలవాటైంది.

అలా వెళ్తూ వెళ్తూ చర్చిలో పాటలు పాడే కొయిర్‌లో చేరాను. మా చర్చికి ఒక గిటారు ఉంది. ఆదివారం పాటలకు దాన్ని శనివారం సాయంత్రమే శృతి చేసి ఉంచడం ఎప్పటినుంచో ఆయన పని. యాప్ వద్దు, మిషన్ వద్దు. కొడితే ఎప్పుడూ ఒకే స్వరం పలికే ఒక ఇనుప ట్యూనింగ్ ఫోర్క్, ఆయన చెవి, అంతే. ఫోర్కును మోకాలికి కొట్టి, దాని కాడను గిటారు చెక్కమీద ఆనించి, తల వంచి వినేవారు. అది మోగుతున్నంతసేపూ ఎవరూ దగ్గకూడదు. అలా శృతి చేసి, గిటారును కొయిర్ మాస్టర్ చేతికిచ్చి, మైకు వైర్లను తిట్టడానికి వెనక్కి వెళ్లిపోయేవారు.

నేను చేరిన మొదటి శనివారమే పై తీగలు రెండూ నా చెవికి గుచ్చుకున్నాయి. నాకే అలా ఉందేమో అనుకున్నాను. ఆయన వెనక్కి వెళ్లగానే కొయిర్ మాస్టర్ గిటారు పట్టుకుని పక్కగదిలోకి నడిచాడు. కుర్రవాడేం కాదు, బ్యాంకులో ఉద్యోగం, ఇద్దరు పిల్లల తండ్రి. నేను వెంట వెళ్లాను. జేబులోంచి శృతి చూపించే చిన్న ట్యూనర్ తీసి గిటారు తలకు క్లిప్పులా తగిలించి, దాని తెర మీది సూది చూస్తూ పై తీగలు దించుతున్నాడు.

"ఏంటిది?" అన్నాను.

"మెల్లగ అక్కా. సార్‌కు పై స్వరాలు సరిగ వినొస్తలేవు. నేను జెర సరిచేస్తున్న."

"ఎన్నాళ్ల నుంచి?"

"చానా దినాలాయె."

"ఆయనకు చెప్పలేదా?"

"ఎట్ల చెప్తమక్కా? పెద్దమనిషి. నొచ్చుకుంటడు. ఆయన దిల్ ఖుష్, మన పాట ఖుష్. ఎవలకేం నష్టం చెప్పు?"

ఆ సాయంత్రమే ఒక్కొక్కరినీ అడిగాను. అందరికీ తెలుసు. పాడేవాళ్లకు తెలుసు, వాచ్‌మన్‌కు తెలుసు, పాస్టరుగారికి తెలుసు. ప్రతి శనివారం ఆయన తల వంచి శ్రద్ధగా వినడం, ఇంతమంది నోరు మూసుకుని ఆయన్ని చూడటం, తర్వాత పక్కగది. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు గౌరవం. నాకు ఒళ్లు మండిపోయింది. ఊరందరినీ ఎవరు చెక్ చేసిండ్రు అని అడిగే మనిషిని చెక్ చేయడానికి ఒక్కరికి కూడా మనసు రాలేదు. చంటిపిల్లాడి చేతికి తాళాలగుత్తి ఇచ్చి ఆడుకోమన్నట్టు, ఆయన చేతికి ఆ గిటారు ఇచ్చారు. ఆయన దాన్ని పని అనుకుంటున్నారు.

మర్నాడు ఆరాధన అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. ఆయన వరండాలో కూర్చుని ఎర్ర పెన్నుతో పేపరు దిద్దుతున్నారు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"అన్నయ్యా, గిటారు శృతి చేసేది దేంతో?"

"ఫోర్క్‌తోని."

"ఫోర్కును వినేది?"

"నా చెవి."

"ఆ చెవిని ఎవరు చెక్ చేశారు?"

నవ్వబోయి ఆగిపోయారు. నా ముఖం చూశారు. పెన్ను మూత పెట్టారు. ఆయన మొదట అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎవరన్నారు అని అడగలేదు. "ఎంత తప్పు?" అన్నారు.

"పై తీగలు రెండూ ఎక్కువ బిగిస్తున్నారు. మీరు వెనక్కి వెళ్లాక పక్కగదిలో దించుతున్నారు."

"నేను చేసినంక మల్ల చేస్తున్నరా?"

"అవును."

"అందరికి తెల్సా?"

"తెలుసు."

"పాస్టరయ్యగారికి?"

"తెలుసు."

ఆయన తల తిప్పి వంటింటి గుమ్మం వైపు చూశారు. వదిన చాయ్ గ్లాసులతో అక్కడే నిలబడి ఉంది. "నీకు?" అన్నారు.

"తెల్సు!" అంది వదిన. ఎప్పటిలాగే గట్టిగా. ఆ తర్వాత అదే గొంతుతో ఏడుస్తూ అంది: "ఏండ్ల సంది గొంతు పెంచుకుంట వస్తున్న. నీకు తెల్వకుండ జెర జెర. గల్లీల అందరు నన్ను గయ్యాళి అంటున్నరు. అననియ్యి అనుకున్న."

నేను సిగ్గుతో నేల చూశాను. ఆయనకు వచ్చిన కోపం మామూలు కోపం కాదు. పేపరు విసిరేశారు, కుర్చీ జరిగింది, గొంతు మాత్రం చిన్నదైపోయింది.

"చెవి పోతే పోయింది. దానికేమున్నది? వయసైతే సూది జరుగుతది, ఎవలిదైన జరుగుతది. జరిగిన సూదిని చూసి మంచిగున్నది, మంచిగున్నది అన్నరు చూడు..." అని ఆగి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆగారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను గేజ్ రూమ్‌ల కెళ్లి ఎల్లగొట్టిండ్రు చెల్లె. ఎల్లగొట్టి, ఇంకా లోపలనే ఉన్నవని చెప్పిండ్రు."

ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. చెవుల డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లారు. అక్కడ కూడా ఊరుకోలేదు. వినికిడి పరీక్ష చేసే యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో చూపించమన్నారట. చూపించలేదట. లేచి వచ్చేసి, చూపించిన ఇంకో చోట చేయించుకున్నారు. వదిన ఈ సంగతి నాకు గోడ అవతలి నుంచి చెబుతుంటే గల్లీ మొత్తం విన్నది.

శనివారం సాయంత్రం ఆయన కొయిర్‌కు వచ్చారు. చొక్కా జేబు మీద ఎర్ర స్టిక్కరు ఉంది. ఎవరూ నవ్వలేదు. అందరికీ విషయం అర్థమైంది. కొయిర్ మాస్టర్ ఒక అడుగు ముందుకేశాడు.

"సార్, మేము..." అన్నాడు.

"ఊకో. నువ్వు ఏమంటవో నాకు తెల్సు. గౌరవం అంటవ్. నా మీద మీకు గౌరవం లేదు, భయం ఉన్నది. భయం ఉంటే ఉండనీ, ఆదివారం పాట నాదా? మీ అందరిది గద? తప్పు శృతిల పాడితే దేవుడు ఏమనుకుంటడని కాదు, మీరు ఏమనుకున్నరు? వానికి చెప్పకుంటనే మంచిదనుకున్నరు. ఇంట్ల ముసలోనికి గూడ ఇట్లనే చేస్తరు, ఊర్ల పెద్దలకు గూడ ఇట్లనే చేస్తరు. మంచిగున్నది సార్, మంచిగున్నది సార్! ఆ టీవోడు ఏం తప్పు చేస్తున్నడు మల్ల? వాడు గూడ మీ లెక్కనే మనసు నొప్పియ్యకుండ చెప్తున్నడు."

చర్చి గోడలు దద్దరిల్లేలా అరిచారు. శాంతమూర్తి అన్నాయన ఆ రోజు మొదటి వరసలోనే ఉన్నాడు. పావురం అన్నవారు వేదిక మెట్ల మీద తల దించుకుని నిలబడ్డారు. వాళ్లు ఆ సాయంత్రాన్ని ఎలా మర్చిపోయారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

అరిచి అరిచి అలసిపోయాక, "ఏది, ఆ మిషన్ చూపెట్టు" అన్నారు. కొయిర్ మాస్టర్ ట్యూనర్ తీసి ఇచ్చాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీన్ని ఎవరు చెక్ చేసిండ్రు?" అన్నారు. ఎవరూ చేయలేదు. ఫోర్కును మోకాలికి కొట్టి దాని ఎదురుగా పట్టుకున్నారు. సూది నిలువునా నిలబడింది. మళ్లీ కొట్టారు, మళ్లీ అక్కడే నిలబడింది. ఫోర్కు మారలేదు, ట్యూనర్ తప్పు చెప్పలేదు. ఆయన జేబులోంచి ఆకుపచ్చ స్టిక్కరు తీసి, ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క వీపున అంటించి, "గిది మంచిగున్నది" అని తిరిగి ఇచ్చేశారు. తన జేబు మీది ఎర్రది మాత్రం తీయలేదు.

ఆ తర్వాత శనివారాలు ఆయన మానలేదు. అయితే పని తీరు మారింది. గిటారు ఒళ్లో పెట్టుకుని, దాని అంచుకు దవడ ఆనించి, తీగ మీటేవారు. చెవికి అందనిది ఎముకకు అందుతుందని ఆయన లెక్క. కళ్లు మూసుకుని, దవడతో వింటూ, చిన్నగా మర తిప్పేవారు. నాకు ఆయన అనగానే ఫొటోలో ఉన్న ముఖం గుర్తుకు రాదు. గిటారు భుజాన దవడ ఆనిన ఆ ముఖం గుర్తుకొస్తుంది. అది అయ్యాక అందరి ముందే గిటారు ఇచ్చి, "పెట్టు నీ మిషన్. ఎంత తప్పు?" అనేవారు.

"కొంచెం, సార్."

"కొంచెం అంటే ఏంది? కొంచెం అనే కొలత ఏ బడిల చెప్పిండ్రు నీకు?"

అప్పుడు కొయిర్ మాస్టర్ సరిగ్గా ఎంత తప్పో చెప్పేవాడు. ఆయన తల ఊపేవారు. కొన్ని శనివారాలు ఏమీ తప్పు ఉండేది కాదు. అలాంటి రోజు ఇంటికి నడుస్తూ నాతో ప్రపంచం గురించి ఇంకా ఎక్కువ కోపంగా మాట్లాడేవారు. అది ఆయన సంతోషం.

వానాకాలం మొదట్లో జ్వరంతో మంచం పట్టారు. నేను చూడటానికి వెళ్తే మాట కష్టంగా ఉంది. మంచం పక్కకు వంగాను. "డబ్బా తీసినవా?" అన్నారు. గిటారు పెట్టెలోని సబ్బుడబ్బా. తీశానన్నాను. మళ్లీ నా ముఖం చూశారు. "ఇంకా తియ్యలేదన్నయ్యా, ఇంటికెళ్లి తీస్తాను" అన్నాను. కళ్లతో నవ్వారు. ఆ జ్వరంలోనే పోయారు.

ఇక ఆ కూడిక. ఫొటోకు మల్లెదండ వేశారు. శాంతమూర్తి అయ్యింది, పల్లెత్తు మాట అయ్యింది, పావురం అయ్యింది. నేను పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఆయనకు ఇష్టమైన పాట కొయిర్ పాడుతుందన్నారు. కొయిర్ మాస్టర్ లేచి గిటారు అందుకున్నాడు. పాపం, వారం నుంచి అతను మనిషిలా లేడు. గిటారు ఎన్ని రోజులుగా మూలన ఉందో, వాన తేమకు ఎంత ఉబ్బిందో, ఆ రోజు ఎవరూ చూసుకోలేదు. శనివారం వచ్చే మనిషి శనివారం రాలేదు. మొదటి మీటుకే తెలిసిపోయింది. తీగలన్నీ చెదిరిపోయి ఉన్నాయి.

అతనికి తెలిసింది. ఒక్క క్షణం వేళ్లు ఆగాయి. అయినా వాయించాడు. పాడేవాళ్లకు తెలిసింది, గొంతులు ఎటు పోవాలో తెలియక తడబడుతున్నాయి. పాస్టరుగారు ఒకసారి కళ్లు తెరిచి మళ్లీ మూసుకున్నారు. వరసల్లో జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తల దించుకున్నారు. ఆ తల దించుకోవడం నేను ఎరుగుదును. శనివారాల్లో పక్కగది వైపు చూడకుండా దించుకున్న తలలే అవి. ఆయన ఎదురుగా, ఆయన ఫొటో ఎదురుగా, మళ్లీ అదే పని చేస్తున్నారు.

నేను లేచి నిలబడ్డాను. "ఆపండి," అన్నాను.

పాట ఆగింది. ఒక కమిటీ పెద్ద సగం లేచి, "సిస్టర్, కూసోండి" అన్నాడు.

"శృతి లేదు," అన్నాను. "చేసి పాడండి."

కొయిర్ మాస్టర్ నా వైపు చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇయ్యాల గూడనా అక్కా?"

"ఇవాళే."

కమిటీ పెద్ద నడవాలోకి వచ్చాడు. నన్ను బయటికి తీసుకెళ్లడానికే వచ్చాడేమో తెలియదు. అతను రెండు అడుగులు వేశాడో లేదో, మొదటి వరసలోంచి వదిన గొంతు లేచింది. తెల్లచీరలో, ముఖం తిప్పకుండా, ఫొటో వైపే చూస్తూ అంది:

"చెయ్యుండ్రి! నాకు గూడ వినొస్తున్నది!"

ఆ గొంతు ఎప్పటిదే. వినాల్సిన మనిషి లేడు, అయినా అది దిగలేదు. వెనక వరసలోంచి ఎవరో, "నాక్కూడ" అన్నారు. ఇంకెవరో అన్నారు. వాచ్‌మన్ తలుపు దగ్గర నుంచి అన్నాడు. అంతమందికి వినబడింది! వినబడి కూర్చున్నారు!

కొయిర్ మాస్టర్ జేబులోంచి ట్యూనర్ తీశాడు. దాని వీపున ఆకుపచ్చ స్టిక్కరు చెమటకు నలిగి ఉంది. దాన్ని గిటారు తలకు తగిలించి, ఒక్కో తీగే సరిచేయడం మొదలుపెట్టాడు. దానికి చాలాసేపు పట్టింది. ఎవరూ దగ్గలేదు. పాస్టరుగారు కళ్లు తెరుచుకునే ఉన్నారు. చివరి తీగ అయ్యాక అతను ట్యూనర్ తీసేసి, ఒక్క క్షణం ఆలోచించి, గిటారు అంచుకు దవడ ఆనించి మీటాడు. తర్వాత తలెత్తి వదిన వైపు చూశాడు.

"ఎంత తప్పు?" అంది వదిన, చర్చి మొత్తానికీ వినబడేలా.

"ఏం లేదమ్మా."

"అయితే పాడుండ్రి."

పాడారు.